లోపలి వరుస గొలుసులు

“గొర్రెల ఎనకాల రాయి ఇసిరినట్టు ఇసిరితే బుట్టలో యాడ నిలుస్తాదప్పా!”

ఈ మాట నాది. మూడేళ్ళ కింద ప్రొద్దుటూరులో ఒక పోటీ ముగిసినప్పుడు, మైకు నా చేతిలో ఉండగా నేనే అన్నాను. జనం పగలబడి నవ్వారు. నవ్వించగలిగానని నేనూ సంతోషపడ్డాను. ఇప్పుడా మాట పులివెందుల దాకా, జమ్మలమడుగు దాకా పోయింది. పిల్లలకు ఆట నేర్పేవాళ్ళు దాన్ని పాఠంగా చెబుతున్నారు. అది పాఠం కాదు. ఒక మనిషి మీద నేను వేసిన నింద. అన్నవాడినే చెబుతున్నాను కాబట్టి నమ్మండి.

నాకు ప్రొద్దుటూరులో వెల్డింగ్ షాపు ఉంది. గేట్లు, కిటికీ గ్రిల్స్, ట్రాక్టరు ట్రాలీలు చేస్తాం. ఈమధ్య పులివెందులలో ఒక ప్రైవేటు స్కూలుకు గేటు బిగించడానికి పోయాను. ఆ స్కూల్లో ఆటల మాస్టరు మా బామ్మర్దే, నా భార్యకు స్వయానా తమ్ముడు. గేటు రెక్క నిలబెడుతూ గ్రౌండు వైపు చూశాను. పిల్లలు వరుసగా నిలబడి డిస్కులు విసురుతున్నారు. పదేళ్ళ ఆడపిల్ల ఒకతె చెయ్యి చాచి, నేలకు సమంగా, గట్టిగా ఒక్క విసురు విసిరింది. డిస్కు పోయి గొలుసులకు ఝల్లున తగిలి బుట్టలో పడింది. నేను పని వదిలేసి చప్పట్లు కొట్టబోయాను.

మా బామ్మర్ది ఆ పిల్లను పక్కకు పిలిచి నిలబెట్టాడు.

“అట్లనేనా ఇసిరేది?”

“పడింది కద సార్.”

“పడినా తప్పే. నిదానంగా పైకి లేపి వెయ్యల్ల. గొర్రెల ఎనకాల రాయి ఇసిరినట్టు ఇసిరితే యాడ నిలుస్తాది?”

పిల్లలంతా నవ్వారు. ఆ పిల్ల కూడా తల వంచుకుని నవ్వింది. మళ్ళీ డిస్కు ఇస్తే ఈసారి మెల్లగా పైకి లేపింది. అది బుట్ట దాకా పోనే లేదు.

నాకు ఒళ్ళు మండింది. క్లాసు అయ్యేదాకా ఆగి వాణ్ణి గేటు దగ్గరికి పిలిచాను.

“ఏందిరా ఆ పిల్లకు నేర్పుతాండేది? బుట్టలో పడినదాన్ని తప్పంటావా?”

“నువ్వు చెప్పిందే కద బావా. నీ మాటే పిల్లోళ్ళకు చెప్తాండా. శానా మంచి మాట అని అందరూ చెప్పుకుంటాండారు.”

వాడు వెటకారంగా అనలేదు. నిజంగానే నమ్మి అన్నాడు.

ఈ ఆట తెలియని వాళ్ళ కోసం ముందు సంగతి చెప్పాలి. దీన్ని డిస్క్ గోల్ఫ్ అంటారు. అన్నం తినే పళ్ళెమంత ప్లాస్టిక్ డిస్కును దూరం నుంచి విసురుకుంటూ పోయి చివరికి ఒక ఇనుప బుట్టలో వెయ్యాలి. ఎవరు తక్కువ విసుర్లలో వేస్తే వాళ్ళు గెలిచినట్టు. బుట్ట అంటే నేలలో పాతిన ఇనుప స్తంభం, దానికి నడుము ఎత్తున ఒక జల్లెడలాంటి తొట్టి, తల ఎత్తున ఒక రింగు. ఆ రింగు నుంచి తొట్టిలోకి గొలుసులు వేలాడతాయి. డిస్కు గొలుసులకు తగిలి, జోరు తగ్గి, తొట్టిలో పడి నిలవాలి. దాటిపోయి బయట పడితే లెక్కలోకి రాదు.

మా పక్కకు ఈ ఆటను తెచ్చింది జమ్మలమడుగులో ఒక డ్రిల్లు మాస్టరు. బెంగళూరులో ఏదో శిక్షణకు పోయి అక్కడ చూసి, కొన్ని డిస్కులు సంచిలో వేసుకుని వచ్చాడు. ఫోనులో బుట్ట ఫొటో చూపించి “ఇట్లాంటివి చేస్తావాప్పా?” అని అడిగాడు. ఇనుముతో చేసేది ఏదైనా నేను కాదనను.

ఆ ఫొటోలో గొలుసులు ఒకదాని వెనక ఒకటి కనబడుతున్నాయి. వెనక ఉన్నవి అవతలి పక్క గొలుసులే అనుకున్నాను. నిజానికి అవి రెండు వరుసలు. బయట ఒకటి, దాని లోపల స్తంభానికి దగ్గరగా ఇంకొకటి. ఆయనకు కొన్ని, మాకు కొన్ని బుట్టలు చేసి, అన్నిటికీ ఒక్క వరుసే కట్టాను. ఇది తెలియక చేసిన తప్పు. దీనికి నేనెవరికీ క్షమాపణ చెప్పనక్కరలేదు.

గొలుసుల సంగతి ఇంకొకటి. మా షాపుకు ఎదురు వీధిలో పశువుల పలుపులు, మువ్వలు, గొలుసులు అమ్మే ఒక భాయ్ అంగడి ఉంది. కొలతకు కోసే పని లేకుండా బారెడు బారెడు గొలుసులు తయారుగా దొరుకుతాయని అక్కడే తీసుకున్నాను.

“ఏందప్పా అన్ని గొలుసులు? ఎనుముల దొడ్డి పెడ్తాండావా?” అన్నాడు భాయ్, నేను గేదెలు కొన్నాననుకుని.

“ఆట కోసం భాయ్.”

“ఎనుములతో ఆటేంది సామీ, పొడుస్తాయి జాగ్రత్త.”

పశువుల గొలుసుకు మధ్యలో గిరగిర తిరిగే ఒక ముడి ఉంటుంది. గుంజ చుట్టూ పశువు ఎంత తిరిగినా గొలుసు మెలిపడకూడదని పెట్టేది. నాకది గొప్ప తెలివిగా తోచింది. బుట్టలో గొలుసులు చిక్కుపడవు కదా అనుకున్నాను. కొట్టంలో పనికొచ్చేది ఆటలో పనికిరాదని తట్టలేదు. గిరగిర తిరుగుతూ వచ్చిన డిస్కును మామూలు గొలుసు చుట్టుకుని ఆపుతుంది. నా గొలుసు చుట్టుకోదు. డిస్కుతో పాటు తానూ తిరిగి దాన్ని జారవిడుస్తుంది.

ప్రొద్దుటూరు పక్కన ప్లాట్లు వేసి వదిలేసిన ఒక వెంచరులో, హద్దురాళ్ళ మధ్య నా బుట్టలు పాతాను. సాయంత్రం షాపు మూసి నేనూ మా బామ్మర్దీ ఆడుకునేవాళ్ళం. మొదట్లో గట్టిగా విసిరితే డిస్కు గొలుసుల సందులోంచి అవతల పడేది. మేం దాన్ని మా చేతి తప్పు అనుకుని, మెల్లగా పైకి లేపి వెయ్యడం నేర్చుకున్నాం. పైనుంచి దిగే డిస్కుకు గొలుసులతో పెద్ద పని లేదు. దాని జోరు గాలిలోనే అయిపోతుంది. సన్నగా వచ్చి తొట్టిలో కూర్చుంటుంది. మమ్మల్ని చూసి ఊర్లో నేర్చుకున్న వాళ్ళందరూ అట్లాగే నేర్చుకున్నారు. అదే ఈ ఆట పద్ధతి అని, అందులో ఏదో నాజూకు ఉందని కూడా మాట్లాడుకునేవాళ్ళం. నా బుట్ట లోపం మా చేతికి వాటమైపోయింది.

జమ్మలమడుగులో అట్లా జరగలేదు. డ్రిల్లు మాస్టరు రెండో వరుస సంగతి కనిపెట్టి ఫోను చేశాడు. “లోపలి వరుస యాడప్పా? మళ్ళా చేసియ్యి. ఈ తిరుగుడు గొలుసులొద్దు, మామూలువి పెట్టు” అన్నాడు. ఆయన అడిగినట్టే చేసి పంపాను. అక్కడ వాళ్ళు ఆడేది పెన్న ఒడ్డున. గాలి ఎక్కువ. పైకి లేపితే డిస్కు ఎటో కొట్టుకుపోతుంది. అందుకే వాళ్ళు నేలకు సమంగా, గట్టిగా విసరడం నేర్చుకున్నారు. వాళ్ళ బుట్టకు రెండు వరుసలు ఉన్నాయి కాబట్టి ఆ విసురు నిలిచేది.

వాళ్ళందరిలో మేటి ఆటగాడు పెద్దముడియం పక్క పల్లె నుంచి వచ్చే ఒక పిల్లవాడు. పిల్లవాడంటే అప్పటికే ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. గొర్రెలు మేపే ఇల్లు. డిగ్రీ చదివాడు. చదువుతూ కూడా సెలవుల్లో మంద వెంట పోయేవాడు. అతని చెయ్యి నేను చూశాను. పది అడుగుల నుంచి వేసినా ముప్పై అడుగుల నుంచి వేసినా డిస్కు దారం పట్టి లాగినట్టు పోయేది.

సరిగ్గా అప్పుడే పులివెందుల స్కూలు వాళ్ళు ఆటల మాస్టరు కావాలన్నారు. మూడు ఊర్ల వాళ్ళకు పోటీ పెట్టండి, గెలిచినవాణ్ణి తీసుకుంటాం అన్నారు. ఆ పిల్లవాడికి అదొక్కటే దారి. లేదంటే కువైట్‌కు పోయి అక్కడ ఎడారిలో ఎవరివో గొర్రెలు మేపాలి. వాళ్ళ అన్న అప్పటికే ఆ పని మీద పోయి ఉన్నాడు. పోటీలో మా బామ్మర్ది కూడా ఉన్నాడు. వాడికి ఆ ఉద్యోగం రాకపోయినా నా షాపు ఉంది.

పోటీ ప్రొద్దుటూరులో జరగాలని పట్టుబట్టింది నేనే. మా దగ్గర నీడ ఉంది, బస్సులు ఉన్నాయి, గాలి తక్కువ అని చెప్పాను. అన్నీ నిజాలే. వాటి వెనక ఉన్న నిజం మాత్రం చెప్పలేదు.

పోటీకి రెండు రోజుల ముందు డ్రిల్లు మాస్టరు షాపుకు వచ్చాడు.

“లోపలి వరుస కట్టేయప్పా. మా పిల్లోళ్ళు గట్టిగా ఇసిరే రకం. ఈ బుట్టల్లో నిలవదు.”

“కరెంటు సరిగా లేదప్పా. వెల్డింగ్ యాడ చేసేది?”

“మరి ఎట్ల?”

“అందరికీ ఒకే బుట్ట కదప్పా. ఇంక తేడా ఏముంది?”

ఆయన మంచివాడు. నా మాట నమ్మి వెళ్ళిపోయాడు. కరెంటు ఉంది. ఉన్నా లేకపోయినా అక్కరలేదు, ఎందుకంటే లోపలి వరుసకు వెల్డింగే వద్దు. బైండింగ్ వైరుతో కట్టెయ్యొచ్చు. ఒక పూట పని. మామూలు గొలుసులు జమ్మలమడుగుకు చేసినప్పుడు మిగిలినవి మూలలో బస్తాలో ఉన్నాయి. మేం మాట్లాడుకుంటున్నంత సేపూ మా బామ్మర్ది ఆ బస్తా మీదే కూర్చుని ఉన్నాడు.

“అందరికీ ఒకే బుట్ట” అనే మాట మీద నాకిప్పుడు ఎంత కోపం వస్తుందో చెప్పలేను. ఇప్పటికీ పోటీలు పెట్టేవాళ్ళు ఇదే మాట చెప్పి నోరు మూయిస్తారు. బుట్ట ఒకటే, సరే. ఆ బుట్ట ఇద్దరినీ ఒకే ప్రశ్న అడుగుతోందా? మెల్లగా వేసేవాణ్ణి అది ఏమీ అడగడం లేదు, తొట్టి తెరిచి పెట్టి రమ్మంటోంది. గట్టిగా వేసేవాణ్ణి మాత్రం, నిన్ను ఆపడానికి నా దగ్గర ఏమీ లేదు పొమ్మంటోంది. కుడిచేతి వాటం వాడి డిస్కు స్తంభానికి ఎడమ పక్క తగిలితే దాని తిప్పుడే దాన్ని ఇంకా ముందుకు తోస్తుంది. అక్కడ దాన్ని పట్టుకోవాల్సింది లోపలి వరుసే. ఆ వరుస తీసేసి, ఆడేవాడి చేతిలో లోపం ఉందంటే అది న్యాయమా? చేసినవాడు తన చేతికి సరిపడే బుట్ట చేసుకుని దాన్ని ఊరందరికీ కొలతగా పెడితే, ఆ కొలత ఎవరికోసం?

పోటీ నాడు చివరి బుట్ట దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్లవాడూ మా బామ్మర్దీ సమానంగా ఉన్నారు. ఆ లోపలే ఆ పిల్లవాడి డిస్కులు చాలా సార్లు గొలుసుల్లోంచి దూసుకుపోయాయి. అయినా దూరం విసుర్లలో అతను మా వాడి కంటే ఎంతో మేలు కాబట్టి సమానంగా నిలిచాడు. మా బామ్మర్ది ముందు వేశాడు. డిస్కు పైకి లేచి, వంగి, చప్పుడు లేకుండా తొట్టిలో దిగింది. తర్వాత ఆ పిల్లవాడు ఎనిమిది అడుగుల దూరంలో నిలబడ్డాడు. విసిరాడు. డిస్కు సరిగ్గా నడుమ, స్తంభానికి వేలెడు ఎడమగా తగిలింది. గొలుసులు పక్కకు తిరిగి దారిచ్చాయి. డిస్కు వెనక పక్క నేల మీద పడి దొర్లింది.

అతను పోయి ఒక గొలుసును రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పి చూశాడు. నా దగ్గరికి వచ్చాడు. ఆ రోజు తీర్పు చెప్పేవాణ్ణి కూడా నేనే.

“మామా, మీ గొలుసు తిరుగుతాంది.”

“అందరికీ అదే గొలుసు కదప్పా.”

“లోపలేమీ లేదు మామా. ఒకసారి చూడు.”

“బయట పడింది. బయట పడినట్టే లెక్క.”

జనం చూస్తున్నారు. అతను ఇంకొక మాట అంటే నా బుట్ట గుట్టు బయటపడుతుందని భయపడ్డాను. ఆ భయంతోనే మైకు తీసుకుని ఆ మాట అన్నాను. అతని విసురును కాదు నేనన్నది, అతని ఇంటిని. అంత మందిలో గొర్రెలు మేపే ఇళ్ళవాళ్ళు ఎంతమంది ఉన్నారో! వాళ్ళలో కూడా కొందరు నవ్వారు. అతను మాత్రం డిస్కు తీసుకుని సంచిలో పెట్టుకుని బస్టాండుకు నడిచి పోయాడు. ఉద్యోగం మా బామ్మర్దికి వచ్చింది.

ఈమధ్య పులివెందులలో గేటు బిగించి వచ్చిన రోజే డ్రిల్లు మాస్టరుకు ఫోను చేశాను. ఆ పిల్లవాడు ఎట్లా ఉన్నాడని అడిగితే ఆయన నిట్టూర్చాడు. జమ్మలమడుగులో ఒక స్కూలుకు ఈ ఆట నేర్పేవాడు కావాలంట. ఈయన అతని పేరు చెప్పాడంట. “ఎవరు, ఆ గొర్రెల రాయి పిల్లోడేనా? నిలకడ ల్యాకుండా ఓడిపోయినోడు కదా” అని కరస్పాండెంటు నవ్వాడంట. మూడేళ్ళుగా ఇంటి మంద వెంటే ఉన్న అతను ఇక లాభం లేదని కువైట్ ఏజెంటుకు పాస్‌పోర్టు ఇచ్చేశాడు.

మర్నాడు పొద్దున మోటారు సైకిలేసుకుని పెద్దముడియం పోయాను. శనగ కోసేసిన నల్లరేగడి చేలో మంద మేస్తోంది. అతను నన్ను చూసి నిలబడ్డాడు. కూర్చోమనలేదు. నేను కరెంటు సంగతి, బైండింగ్ వైరు సంగతి, బస్తా సంగతి అన్నీ చెప్పాను.

“గొలుసు సంగతి నాకు ఆ పొద్దే తెలుసు మామా. బస్తా సంగతి ఇప్పుడే వింటాండా.”

“నువ్వు స్కూలుకు రాప్పా. కరస్పాండెంటు ముందర రెండు బుట్టలు పెడ్తా. ఇసిరి చూపించు. నోరు మూసుకుంటారు.”

అతనికి అప్పుడు కోపం వచ్చింది. అంతవరకూ రాలేదు.

“నేనెందుకు ఇసరల్ల మామా? నేను ఒకసారి పరీక్ష రాసినా. పేపరు తప్పు ఇచ్చింది నువ్వు. మళ్ళా నన్నే కూర్చోబెడ్తావా? పోయి నీ బుట్టకు పెట్టుకో పరీక్ష.”

ఏజెంటు దగ్గర వారం రోజులు గడువు అడగమని మాత్రం బతిమాలి వచ్చాను. అతను మంద వెనక పోయాడు.

బుట్టకు పరీక్ష పెట్టాలంటే విసిరేవాడు కావాలి. మా బామ్మర్దిని అడిగాను.

“నా ఉద్యోగం తీయిస్తావా బావా?”

“నీ ఉద్యోగం అడగడం ల్యా. నీ చెయ్యి ఒక్క పూట అడుగుతాండా.”

నా భార్య మా మాటలు వింది. సాయంత్రం తమ్ముడికి ఫోను చేసి, “పోరా, ఆయన్ను ఒక్కన్నే పంపొద్దు” అంది. అది నా మీద జాలో, కోపమో తెలియదు. వాడు వచ్చాడు.

జమ్మలమడుగు స్కూలు గ్రౌండులో నా పాత బుట్ట ఒకటి, రెండు వరుసలది ఒకటి పక్కపక్కన నిలబెట్టాం. కరస్పాండెంటు, డ్రిల్లు మాస్టరు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. మా బామ్మర్ది ముందు తన పద్ధతిలో మెల్లగా వేశాడు. రెండింట్లోనూ పడింది. తర్వాత గట్టిగా, సమంగా వెయ్యమన్నాను. కొత్త దాంట్లో ఝల్లుమని నిలిచింది. పాత దాంట్లోంచి దూసుకుపోయింది. మళ్ళీ వేశాడు. మళ్ళీ పోయింది. వాడికి పట్టుదల వచ్చి నేను చాలు అన్నా వినకుండా వేస్తూనే పోయాడు. చివరికి చేతులు దించేసి, “ఇది బుట్ట కాదు బావా” అన్నాడు. కరస్పాండెంటుకు కూడా వినబడింది.

ఆయన నన్ను అడిగాడు. “ఇదంతా మీరు నోటితో చెప్తాండారు. ఊరంతా ఇంకో మాట చెప్పుకుంటాంది. రాసిస్తారా?”

రాసిచ్చాను. ఆ కాగితంలో ఉన్నదే ఇక్కడ కొంచెం వివరంగా రాశాను. ఇచ్చే ముందు మా బామ్మర్ది చదివి, బస్తా మీద తను కూర్చున్న వాక్యం తీసెయ్యమన్నాడు. తీయలేదు. ఆ రోజు నాకు తెలిసింది వాడికీ తెలుసు. తెలియనట్టు ఉండటం నేర్పింది నేనే కాబట్టి వాడి తప్పు కూడా నా లెక్కలోనే వేసుకుంటాను, కానీ వాక్యం మాత్రం ఉండాలి.

ఆ పిల్లవాణ్ణి స్కూలువాళ్ళు తీసుకున్నారు. ఏడాది చూసి చెబుతామన్నారట. మూడేళ్ళ ముందే దొరకాల్సినది ఇప్పుడు సగం దొరికింది. దీన్ని న్యాయం జరిగింది అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

స్కూలుకు కొత్త బుట్టలు నేనే చేశాను. ఆటోలో వేసుకుపోయి దించాను. అతను ‘మామా’ అనలేదు, ‘సార్’ అన్నాడు. ఒక్కొక్క బుట్టనూ ఎడమ పక్క, కుడి పక్క, నడుమ, గట్టిగా విసిరి చూశాడు. గొలుసులు ఒక్కొక్కటి వేళ్ళతో తిప్పి చూశాడు. ఒక బుట్టలో లోపలి వరుస స్తంభానికి మరీ దగ్గరైంది. డిస్కు ఒకసారి నిలిచి, ఒకసారి జారింది.

“ఇది తీసకపోండి సార్. సరి చేసి తెచ్చినాకనే పిల్లోళ్ళు ఆడేది.”

పక్కనున్న వాచ్‌మన్ “ఇంత చిన్నదానికి మళ్ళా ప్రొద్దుటూరికి తిప్పుతావేంది సామీ” అన్నాడు. నేను బుట్టను భుజానికెత్తుకుని ఆటోలో పెట్టుకున్నాను.